నట్టు వైపు ముఖం

గరాచర్మ,
జనవరి 11.

వీరేంద్రకి,

ముందు చెడ్డవార్త చెప్పేస్తాను, క్షేమసమాచారాలు తర్వాత. నువ్వు మా వరండాలో వదిలి వెళ్ళిన విమానం ముక్కు మీద పడింది. రెక్కలు బాగానే ఉన్నాయి, తోక బాగానే ఉంది, నేనూ బాగానే ఉన్నాను. ముందు తిరిగే ప్రొపెల్లర్ మాత్రం రెండు ముక్కలైంది. ఒక ముక్క నా దగ్గరుంది, రెండోది పక్కింటి కుక్క పట్టుకుపోయింది.

గాలికి ఎదురుగా వదలమని నువ్వు చిలక్కి చెప్పినట్టు చెప్పావు. నేను గాలి వెంట వదిలాను. నవ్వింది చాలు, ఇక చదువు.

మీ అమ్మగారు మిన్నీ బే నుంచి పళ్ళూ పూలూ పట్టుకుని సంబంధం అడగడానికి వచ్చిన రోజు మా నాన్న అన్న మాట గుర్తుందిగా. "ఉజ్జోగం సేసుకుంటా కూడా బొమ్మలెగరేసుకునేవోడికి పిల్లనెలగిత్తాం యర్రమ్మా? ఆ బొమ్మ మా ఇంటెనక లేసి, ఓ సుట్టు తిరిగి, నా కాళ్ళ కాడ వాలమను. అప్పుడు మాటాడదాం." తర్వాత పట్టుమని పదిరోజులు కాకుండానే నీకు క్యాంప్‌బెల్ బే బదిలీ. విమానం మా ఇంట్లో, నువ్వు సముద్రం అవతల ఇంకో దీవిలో, పరీక్ష నా నెత్తిన!

నాన్న మాట లంగరు లాంటిది. వేసినవాడే తీయాలి, ఇంకొకరు లాగితే పడవ ఒరుగుతుంది. అందుకని నేను ఆయనతో గొడవ పడను, నీతో లేచిపోను. విమానమే లేవాలి.

తొందర ఎందుకంటే, విశాఖ నుంచి ఒక కాంట్రాక్టరు గారి అబ్బాయి తరపువాళ్ళు ఏప్రిల్‌లో నన్ను చూడటానికి వస్తున్నారు. ఇంకో తొందర కూడా ఉంది. ఇంటి వెనక చదును చేసిన ప్లాట్లే కదా మన రన్‌వే, అందులో ఒకదానికి అప్పుడే పునాది తవ్వుతున్నారు.

గోల్ ఘర్ బజార్లో మా కొట్టు నిండా ప్రొపెల్లర్లే. ఏం లాభం, అన్నీ పడవలకి పెట్టే ఇత్తడివి. ఒక్కొక్కటీ నీ విమానం కంటే బరువు. ఏ ప్రొపెల్లర్ కావాలో, అదే ఎందుకు కావాలో నాకు అర్థమయ్యేలా రాసి పంపు. ఫోన్లో అడుగుదామంటే అక్కడి నుంచి నీ "హలో" వచ్చేసరికి ఇక్కడ నా ఓపిక అయిపోతోంది. ఓడలో వంట చేసే పైడిబాబు భయ్యా ఉత్తరాలూ పార్శిళ్ళూ మోస్తానన్నాడు. ఆయనకి ఊరగాయ లంచం ఇచ్చాను.

సుష్మ


క్యాంప్‌బెల్ బే,
జనవరి 24.

సుష్మకి,

నవ్వలేదు. పవర్‌హౌస్‌లో నా పక్కన కూర్చునే మణికుమార్ నవ్వాడు, అది నా తప్పు కాదు.

పాఠం మొదలుపెడుతున్నాను, ఆవలించకు. ప్రతి ప్రొపెల్లర్ మీదా రెండు అంకెలుంటాయి. మొదటిది ఈ కొస నుంచి ఆ కొసకి పొడవు, అంగుళాల్లో. రెండోది పిచ్. అంటే ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో ఆ లెక్క. స్క్రూ చెక్కలోకి దిగినట్టు ఇది గాలిలోకి దిగుతుంది. మీ కొట్లో ఇత్తడివాటికీ ఇదే లెక్క కాబట్టి మీ నాన్నగారికి ఇది పలకాబలపం నాటి పాఠం.

గరాచర్మ ఎత్తు ఎక్కేటప్పుడు బస్సు డ్రైవరు చిన్న గేరు వేస్తాడు చూడు, చిన్న పిచ్ అలాంటిది. వేగం తక్కువ, లాగుడు ఎక్కువ. మనది బరువైన, నిదానమైన విమానం. దానికి పొడవు ఎక్కువ, పిచ్ తక్కువ ఉన్నది కావాలి. పది-నాలుగున్నర సరిగ్గా సరిపోతుంది. అలాగని ఇంకా పెద్దది పెడితే ఇంకా బాగా లాగుతుందని ఆశపడకూడదు. డీజిల్ ఇంజనుకి మోయలేని బరువు పెడితే మూలిగి ఆగిపోతుంది. కరెంటు మోటారుకి ఆ సిగ్గు లేదు, కాలిపోయేదాకా తిరుగుతూనే ఉంటుంది.

ప్రస్తుతం నా దగ్గర ఎనిమిది-ఆరు ఒక్కటే ఉంది, పంపుతున్నాను. కష్టపడితే దీనితోనూ లేవాలి. పది-నాలుగున్నరలు చెన్నై నుంచి తెప్పిస్తున్నాను. కొత్తది బిగించగానే ఎగరెయ్యకు. తోక గట్టిగా పట్టుకుని అరనిమిషం తిప్పి, ఆపి, మోటారు మీద వేలు పెట్టు. వేలు ఉంచగలిగితే క్షేమం. తిరిగేటప్పుడు మాత్రం దాని ఎదుట నిలబడకు, నీ వేళ్ళు నాకు పదీ కావాలి.

నీ ఉత్తరంలో "మన రన్‌వే" అన్న చోట చాలాసేపు ఆగాను. ఇక్కడ సాయంత్రం అయిదు దాటితే జనరేటర్ల మోత, వాన, నేను. ఆ రెండు మాటలతో వారం గడిచింది.

వీరేంద్ర


గరాచర్మ,
ఫిబ్రవరి 9.

వీరేంద్రకి,

నీ ఎనిమిది-ఆరు వచ్చింది, బిగిసింది, తిరిగింది. విమానం ఆ ప్లాటు నుంచి ఈ ప్లాటుకి పరుగెత్తింది. పరుగెత్తిందంతే, చక్రాలు నేలని వదల్లేదు. మోత మాత్రం వీధి చివరిదాకా వినిపించింది. వరండాలో పేపరు చదువుతున్న నాన్న పేపరు దించకుండానే, "మిక్సీకి రెక్కలెట్టినట్టుందే" అన్నాడు. లోపలి నుంచి అమ్మ, "నా మిక్సీ జోలికెవరెల్లేర్రా?" అని గరిటె పట్టుకుని వచ్చింది.

నువ్వు చెప్పినట్టే మోటారు మీద వేలు పెట్టాను. అమ్మో అని తీసేశాను. పిచ్ ఎక్కువైనందుకేనా? ప్రొపెల్లర్ ఊడదీసి చూద్దామంటే నట్టు నా చేతికి రాలేదు, పానాకి కూడా బతిమాలితే గాని రాలేదు.

ఇంకో విషయం చెప్పాలి, కానీ చెప్పకూడదు. ఒట్టు వేశాను. కాబట్టి చెప్పడం లేదు.

విశాఖవాళ్ళకి టిక్కెట్లు దొరికాయట. కాంట్రాక్టరు గారి అబ్బాయి ఫోటో అమ్మ దేవుడి గూట్లో పెట్టింది. నేను తీసి కరెంటు బిల్లుల కింద పెట్టాను.

సుష్మ


క్యాంప్‌బెల్ బే,
ఫిబ్రవరి 22.

సుష్మకి,

చెప్పకూడని విషయం ఒకటి ఉందని చెప్పడం కంటే అసలు రాయకపోవడం నయం. మూడు రోజుల నుంచి నాకు అన్నం దిగడం లేదు. ఆ ఫోటో అబ్బాయి ఫోన్ చేస్తున్నాడా? చేస్తే చేశాడనుకో, బాగా మాట్లాడతాడా? ఎత్తుగా ఉంటాడా? నాకు ఈ విషయాల మీద ఆసక్తి లేదు, ఊరికే అడుగుతున్నాను.

పది-నాలుగున్నరలు రెండు పంపుతున్నాను. ఒకటి విరిగితే ఇంకొకటి. బ్యాటరీ నిండా చార్జి చెయ్యి, పొద్దున్నే సముద్రం గాలి నిదానంగా ఉన్నప్పుడు గాలికి ఎదురుగా (చదువుతున్నావా, ఎదురుగా!) వదులు. ఎనిమిది-ఆరుకి మోటారు వేడెక్కడం నాకు నచ్చలేదు. అంత చిన్న ప్రొపెల్లర్‌కి అంత వేడి రాకూడదు. లెక్క ఎక్కడో తప్పుతోంది. ఎక్కడన్నది ఇక్కడ కూర్చుంటే నాకు తెలియడం లేదు.

ఇంకోటి. నట్టు అంత గట్టిగా బిగించమని నీకెవరు చెప్పారు? అది పడవ కాదు, థర్మోకోల్‌కి అన్నయ్య లాంటి సరుకు. నీ చేతికి ఊడనంత గట్టిగా నువ్వెలా బిగించావో కూడా నాకు అంతుపట్టలేదు.

వీరేంద్ర


గరాచర్మ,
మార్చి 14.

వీరేంద్రకి,

నీ పది-నాలుగున్నర నడుమెత్తు లేచింది. మా అందరి గుండెలూ దానితో పాటే లేచాయి. అక్కడి నుంచి అలా వేలాడుతూ, ఎక్కలేక దిగలేక, మెల్లగా పోయి మా బొప్పాయి చెట్టుని గుద్దుకుంది. విమానానికి ఏమీ కాలేదు. బొప్పాయి చెట్టుకి నాన్న గుడ్డ కట్టాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎనిమిది-ఆరు అన్నావు, పది-నాలుగున్నర అన్నావు. బస్సు గేరు అన్నావు, స్క్రూ అన్నావు. నీ లెక్కలన్నీ కాగితం మీద ఎగురుతున్నాయి, విమానం మాత్రం నేల మీద ఉంది. పునాది తవ్విన ప్లాట్లో గోడలు లేచాయి. ఏప్రిల్ దగ్గరికొచ్చింది. నాకు భయంగా ఉంది వీరేంద్రా. ఇంతవరకు వేళాకోళం చేశాను గాని, నిజంగా భయంగా ఉంది.

ఒట్టు తీసి గట్టున పెడుతున్నాను. విను. ఫోటో అబ్బాయి గురించి కాదు, అతని గొంతు కూడా నేను వినలేదు. రహస్యం మా నాన్నది. ప్రొపెల్లర్లు బిగిస్తున్నది ఆయనే.

మొదటి రోజు నేను స్క్రూడ్రైవర్‌తో నట్టు తిప్పాలని చూస్తుంటే ఆయన పేపరు కొస మీంచి చూశాడు. జీవితమంతా పడవ ఇంజన్లు బాగుచేసిన మనిషి కదా, ఎదురుగా ఒక మర మొరాయిస్తుంటే ఊరుకోలేడు. "ఇలాతే" అని లాక్కున్నాడు. పక్కింటివాళ్ళకి కనబడకుండా లోపలి గదిలో లుంగీ మీద పాత టవలు పరుచుకుని, కళ్ళద్దాలు ముక్కు కొనకి దించి, ప్రొపెల్లర్‌ని బొటనవేలితో తడుముతాడు. "బోలుగున్నది ముఖం, ఉబ్బుగున్నది ఈపు. ముఖమెప్పుడూ నట్టేపు బయటికి సూడాల, ఈపు షాఫ్టేపు లోపలికి. ఇన్నేళ్ళు ఎన్ని బోట్లకెట్టేన్నేను!" అని నాకే పాఠం. కాస్త గ్రీజు కూడా రాస్తాడు. తర్వాత వరండాలోకి వచ్చి, ఏమీ ఎరగనట్టు పేపరు పట్టుకుంటాడు. "ఆడికి సెప్పేవంటే నీకూ నాకూ మాటల్లేవు, సలామ్ ఖతమ్" అని ఒట్టు వేయించుకున్నాడు.

బొప్పాయి చెట్టుకి కొట్టుకున్నప్పుడు ఆయన ముఖం నువ్వు చూడాల్సింది. గెలిచినవాడి ముఖం కాదది. "ఇంజను బాగానే ఉందే, పంకా బాగానే ఉందే, మరేటి రోగం?" అనుకుంటూ రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. విమానం లేవాలని ఈ ఇంట్లో నాకంటే ఎక్కువ కోరుకుంటున్నది ఆయనే. అది ఆయనకి తెలియదు.

సుష్మ


క్యాంప్‌బెల్ బే,
మార్చి 27.

సుష్మా,

దొరికింది! నీ ఉత్తరం చదివి పవర్‌హౌస్‌లో ఒక్కడినే ఎగిరి గంతేశాను. మణికుమార్ నాకు జ్వరమేమోనని నుదురు పట్టి చూశాడు.

లెక్క తప్పలేదు, మోటారు తప్పలేదు, నువ్వు తప్పలేదు. మీ నాన్నగారు ప్రొపెల్లర్‌ని తిరగేసి బిగిస్తున్నారు. పడవకి అది వెనక ఉంటుంది. నట్టు కూడా వెనకే. అందుకని బోలు ముఖం నట్టు వైపు ఉంటే నీళ్ళని వెనక్కి తోస్తుంది. అక్కడ ఆయన చేసినది నూటికి నూరుపాళ్ళు సరైన పని. మన విమానానికి ప్రొపెల్లర్ ముందుంది, నట్టు దానికంటే ముందుంది. ఇక్కడ ఉబ్బు వైపు నట్టుకి ఉండాలి, బోలు ముఖం విమానం వైపు చూడాలి. తిరగేసి పెట్టినా లాగుతుంది, కాకపోతే సగం బలంతో లాగుతుంది. మిగతా సగం మోతగా, వేడిగా పోతుంది. మొదట విరిగినది నేను బిగించింది కాబట్టి దానికి ఈ మోతా వేడీ లేవు.

కానీ సుష్మా, ఆయనకి ఈ సంగతి నువ్వు చెప్పొద్దు. నేను చెప్పానని కూడా చెప్పొద్దు. ఎన్నో పడవలు నడిపించిన చేతిని ఒక బొమ్మ దగ్గర తప్పు పట్టి, ఆ మీదట ఆయన కూతుర్ని అడగడం నాకు ఇష్టం లేదు. అలా గెలిస్తే ఆ ఇంట్లో నేను జన్మంతా వరండాలోనే కూర్చోవాలి. ఆయనే కనుక్కోవాలి. కనుక్కుంటారు.

దీనితో ఇంకో కాగితం ఉంది. దాన్ని ఆయనకి పైకి చదివి వినిపించు. చదివేటప్పుడు నవ్వావంటే అంతా పోతుంది.

వీరేంద్ర

*

పూజ్యులు గవరయ్య గారికి,

నమస్కారాలు. తమరి దగ్గర ఒక సందేహం తీర్చుకోవాలని రాస్తున్నాను. నేను పవర్‌హౌస్‌వాడిని, నాకు నీళ్ళ సంగతి తెలియదు. ఇక్కడ జెట్టీలో మాటల్లో ఒక ప్రశ్న వచ్చింది. బోటుకి ప్రొపెల్లర్ వెనక పెడతారు, అది తోస్తుంది. అదే ప్రొపెల్లర్‌ని ఎవరైనా బోటు మూతికి, ముందు వైపున పెట్టి, బోటుని లాగించాలనుకుంటే దాని బోలు ముఖం ఎటు చూడాలి? బయట నట్టు వైపా, లోపల బోటు వైపా? ఇక్కడ ఎవరూ తేల్చలేకపోయారు. తమరు తప్ప తేల్చగలవారు నాకు తెలియదు.

విధేయుడు,
వీరేంద్ర


గరాచర్మ,
ఏప్రిల్ 8.

వీరేంద్రకి,

నవ్వకుండా చదివాను. నాలుక కొరుక్కుని మరీ చదివాను, ఇంకా నొప్పిగానే ఉంది.

విన్నాక నాన్న, "మూతికెవడెడతాడ్రా ప్రొపెల్లరు, పాగల్ గాళ్ళు" అన్నాడు. అని ఊరుకోలేదు. అన్నం కలుపుతూ ఆగిపోయాడు. చెయ్యి కడుక్కుని వరండాలో కూర్చుని, రెండు చేతులూ చాచి గాల్లో ఈదడం మొదలుపెట్టాడు. అమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏటైందయ్యా, గాలేటైనా సోకిందా?" అని కంగారు పడింది. ఆయన వినిపించుకోలేదు. "ఈదినప్పుడు సెయ్యి ముందుకే ఏత్తాం. అరసెయ్యి మాత్రం ఎనక్కే సూత్తాది. నీల్ని ఎనక్కే తోత్తాది..." అని తనలో తను అనుకుంటూ ఠక్కున ఆగిపోయాడు. మెల్లగా తల తిప్పి మూలనున్న విమానాన్ని చూశాడు. నేను ఆ పక్క తిరిగి బట్టలు మడతపెట్టుకున్నాను.

పొద్దున్నే నన్ను లేపి, "ఇదిగో సూడు, దీన్నెవడో తిరగేసి బిగించేడు" అన్నాడు.

"అవునా నాన్నా? ఎవరంటావు?"

"ఎవడైతేనేటి ఇప్పుడు? నాను సూసేను, సరైపోయింది."

ఎగిరింది వీరేంద్రా! వదలగానే నాలుగడుగులు పరుగెత్తి పైకి, బొప్పాయి చెట్టు దాటి, కొత్తగా లేచిన గోడలు దాటి, మేడ మీద బట్టలారేస్తున్న వాళ్ళ తలల మీదుగా. మోత కూడా మారిపోయింది, మిక్సీ పోయి తుమ్మెద వచ్చింది. మేస్త్రీలు పని ఆపి చూశారు. అమ్మ చప్పట్లు కొట్టింది. రిమోట్ రెండు చేతులా పట్టుకుని ఒక చుట్టు నిండుగా తిప్పి, మోటారు ఆపి దించాను. నాన్న కాళ్ళ దగ్గర వాలాలి కదా. కాళ్ళ దగ్గర కాదు, వచ్చి సరాసరి ఆయన మోకాటి కింద కొట్టుకుని ఆగింది. కొంచెం చర్మం లేచింది.

ఆయన కాలు చూసుకున్నాడు, విమానం చూశాడు, లోపలికి వెళ్ళిపోయాడు. అప్పటి నుంచి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు గాని అసలు విషయం ఎత్తడు. విశాఖవాళ్ళు వచ్చే వారమే. కరెంటు బిల్లుల కింద నేను పెట్టిన ఫోటో మాత్రం లేదు. అమ్మ తీయలేదట, నేనూ తీయలేదు.

నేను అడగను. అడిగితే లంగరు నేను లాగినట్టవుతుంది. కానీ ఎదురుచూడటం ఇంత కష్టమని నాకు ఎవరూ చెప్పలేదు. విమానం గాల్లో ఉన్నప్పుడు నువ్వు నా పక్కన లేవని ఏడుపొచ్చింది. ఇదీ రాసేస్తున్నాను, ఏమనుకుంటే అనుకో.

సుష్మ


గరాచర్మ.

వీరేంద్ర బాబుకి గవరయ్య రాసేది. నాకు రాత అంతగా రాదు. తప్పులుంటే సర్దుకో. ఇది నాను రాసినట్టు మా అమ్మాయికి తెలీదు. పైడిబాబు సేతికే ఇత్తన్నాను.

నీ ప్రశ్నకి జవాబు. ముందెట్టినా ఎనకెట్టినా బోలు ముఖం ఎనక్కే సూడాల. మూతికెడితే బోటేపు సూడాల. జెట్టీలో ఉన్నోళ్ళకి గవరయ్య సెప్పేడని సెప్పు. మీ బొమ్మకి ఎవరో తిరగేసి ఎట్టేరు. ఎవరని నాను అడగలేదు, పిల్ల సిన్నబుచ్చుకుంటాదని.

బొమ్మ లేసింది, తిరిగింది. కాళ్ళ కాడ అన్నాను, కాలి మీదే వాలింది. కాడ కంటే మీద ఇంకా దగ్గిరే. మాట మాటే. విశాఖోళ్ళకి ఫోన్ సేసి, మా పిల్లకి ఇక్కడే కుదిరిపోయింది, మాఫ్ కరో అని సెప్పేను. నిన్న మిన్నీ బే ఎల్లి మీ అమ్మతో కూడా మాటాడేను. సుష్మకి ఇంకా సెప్పలేదు. అది నువ్వొచ్చి నీ నోటితో సెప్పు. వచ్చే ఓడకి సెలవెట్టుకుని రా.

వచ్చేటప్పుడు ఆ పది-నాలుగున్నర ఇంకో రెండు పట్రా. అమ్మాయి కొట్టుకెల్లినప్పుడు నాను ఓసారి ఎగరేసేను. లేసింది బాగానే లేసింది. ఆ బొప్పాయి సెట్టే అడ్డమొచ్చింది. పిల్లకి సెప్పకు. మిగిలిన ఒక్కటి బిగించి ఎప్పట్లాగే మూల ఎట్టేసేను.

ఇంకో మాట. మా పనిలో నట్టు బిగిత్తే ఇంకెవడి సేతికీ ఊడకూడదు, మేం అలగే నేర్సుకున్నాం. దీనికి అలగ పనికిరాదని తెలిసింది. ఇప్పుడు గాలికి ఊడిపోకుండా, సుష్మ తియ్యాలనుకుంటే సేతికి వచ్చేటట్టు బిగిత్తన్నాను. నాకు ఇంకా అలవాటు కాలేదు. అవుతాది.

గవరయ్య